భూపాలపల్లిలో బోణి

బస్సు పరకాల దాటి రేగొండ దారి పట్టగానే కిటికీలోంచి ఘాటు లోపలికి దూరుతుంది. మీకు దగ్గు ఆగదు. పక్క సీట్లో కూర్చున్న పిల్ల చున్నీ కొసను ముక్కుకు అడ్డం పెట్టుకుని మీ వైపు చూసి నవ్వుతుంది.

"కొత్తగ వచ్చిండ్రా? మిర్చి కల్లాలు. ఇంకో నెల గిట్లనే ఉంటది."

ఫిబ్రవరి చివరి వారం. రోడ్డుకు రెండు వైపులా పత్తి కట్టె పీకని చేలు, వాటి మధ్య ఎర్రగా పరిచిన కల్లాలు. కండక్టర్ వస్తాడు. ఆమె ఆధార్ కార్డు చూపిస్తుంది, జీరో టికెట్ చేతికొస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మీరు డబ్బులు తీసి టికెట్ కొనుక్కుంటారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, సాయంత్రం లెక్కల్లో పనికొస్తుంది.

ఆమె ఒళ్లో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి గ్రూప్స్ పరీక్షల బిట్ల పుస్తకం, అట్ట నలిగిపోయింది. రెండోది నూరు పేజీల కొత్త నోటుబుక్కు. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో "జమ – ఖర్చు" అని రాసుంది. డిగ్రీ మూడో ఏడు, బీకాం.

ఈమెకు పేరు పెట్టను. ఇవాళ మీరు కలవబోయే మిగతావాళ్లకూ పెట్టను. ఇది ఏదో ఒక కాలేజీలో ఒకానొక తేదీన జరిగిన సంగతి కాదు. దారి ఉన్నదే, బొగ్గు బాయి ఉన్నదే, పంట ఉన్నదే, ప్రభుత్వం రాసిపెట్టిన నిబంధనలూ ఉన్నవే. వాటి నడుమ ఒక శనివారాన్ని కూర్చి మీ ముందు పెడుతున్నాను. ఇలాంటి శనివారం ఈ జిల్లాలో ప్రతి కాలేజీకీ రావాలన్నది నా కోరిక.

చెల్పూరు దగ్గర బస్సు నెమ్మదిస్తుంది. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టం ఆకాశంలోకి లేచి కనిపిస్తుంది. 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఇక్కడ కరెంటు తీయడం మొదలుపెట్టాయి. టార్పాలిన్ కప్పిన లారీ ఒకటి మీ బస్సును దాటిపోతుంది. దాని వెనక సన్నటి బూడిద తెర లేస్తుంది. ఆ పిల్ల కిటికీ అద్దం జరుపుతుంది.

"మా కాలేజీల ఒక బ్యాచు ఇయ్యాల గా బూడిద మీదనే పని చేస్తది," అంటుంది.

ఉదయం, షిఫ్టు మారే వేళ

భూపాలపల్లిలో దిగేసరికి ఊరు రెండుగా కదులుతోంది. బాయికి పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలతో మోటారు సైకిళ్ల మీద ఒక వైపు వెళ్తున్నారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఎర్రటి కళ్లతో ఇంకో వైపు వస్తున్నారు. హోటల్ ముందు బెంచీ మీద మీకు చోటు దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన గోళ్ల సందుల్లో బొగ్గు ఇంకా పోలేదు. సింగరేణి కేటీకే గనుల్లో చేస్తున్నాడు, ఇంకో రెండేళ్లలో దిగిపోతాడు. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు.

"మా నాయిన బాయిల చేసిండు. నేను చేసిన. వాడు చేస్తనంటే నాకేం బాధ లేదు. కాకపోతే నౌకర్లెక్కడ ఉన్నయి?" అంటాడు.

ఆయన ప్రశ్నకు అంకెల్లో జవాబుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది పనిచేసేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేలకు అటూ ఇటూ. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు వస్తూనే ఉంది, దాన్ని తీసే చేతుల అవసరం తగ్గింది. వారసత్వంగా వచ్చే ఉద్యోగం మీద రెండు తరాలు నిలబడ్డ ఊళ్లో మూడో తరానికి ఇది చిన్న మాట కాదు. జీతం రాయి లాంటిదని నమ్మిన ఇళ్లలో "వ్యాపారం చేస్త" అని ఇరవై ఏళ్ల పిల్ల అనడం ఎంత కష్టమో ఆ బెంచీ మీద కూర్చుంటే తెలుస్తుంది.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి మిమ్మల్నే అడుగుతాడు. "వ్యాపారమంటే పైస పోవుడు కూడా ఉంటది గద. పోతే ఎవలిస్తరు?"

జవాబు వెతుక్కుంటూ కాలేజీకి నడవండి.

పది గంటలు

తరగతి గదిలో బల్లలు గోడకు జరిపి ఉన్నాయి. మధ్యలో నేల మీద నీళ్ల సీసా ఒకటి, సుద్దముక్కతో గీసిన గీతలు, లెక్చరర్ చేతిలో ప్లాస్టిక్ రింగులు. జాతరలో రింగులేసే ఆట ఆడనివాళ్లు ఈ గదిలో ఎవరూ లేరు. మేడారం పోయినా, శివరాత్రికి కాళేశ్వరం పోయినా ఆ దుకాణం ముందు ఆగినవాళ్లే.

"ఎవరి ఇష్టం ఉన్నంత దూరంలో వాళ్లు నిలబడండి. మూడు రింగులు." నియమం అంతే. మీ చేతిలోనూ మూడు పెడతారు.

మొదటి విడత నవ్వులతో నడుస్తుంది. ఒకరిద్దరు సీసా మీదికి వంగి వేస్తారు. వెనక బెంచీ కుర్రాడు తలుపు దగ్గర నుంచి విసురుతాడు. ఎక్కువమంది నడుమ గీతల దగ్గర నిలబడతారు. గురి కుదరొచ్చు, తప్పొచ్చు, ప్రయత్నిస్తే మెరుగవుతుంది. అంత దూరం అది.

రెండో విడతకు లెక్చరర్ ఇంకో నియమం చేరుస్తారు. ప్రతి రింగుకూ జేబులోంచి పది రూపాయలు పెట్టాలి. పడితే ఇరవై, పడకపోతే పది పోయినట్టే. గది మారిపోతుంది. నడుమ గీతల దగ్గర ఉన్నవాళ్లలో చాలామంది ముందుకు జరుగుతారు. నలుగురైదుగురు రింగులు కింద పెట్టేస్తారు. "నేనాడ సార్" అని ఒక పిల్ల నెమ్మదిగా అంటుంది. ఆమె పర్సులో తిరుగు బస్సుకని దాచుకున్న డబ్బు లేదు, ఆ అవసరం లేదు. కానీ జెరాక్సులకు ఇంట్లో అడిగి తెచ్చుకున్న నలభై ఉన్నాయి.

మూడో విడత. "పోయిన పది నేనిస్తాను. గెలిచింది మీదే. కానీ ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో రాసివ్వాలి." రింగులు మళ్లీ చేతుల్లోకి వస్తాయి. "నేనాడ" అన్న పిల్ల నడుమ గీత మీద నిలబడి, ఒక కన్ను మూసి గురి చూస్తోంది.

రింగుల ఆట హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ పరిశోధనలతో పేరుకెక్కింది. ఏదైనా సాధించాలన్న తపన గట్టిగా ఉన్నవాళ్లు మరీ దగ్గరా నిలబడరు, మరీ దూరమూ పోరు, మధ్యస్తంగా ఉండే దూరాన్ని ఎంచుకుంటారని ఆయన గమనించారు. ఆయన కృషిలో పెద్ద అధ్యాయం మన తెలుగు నేల మీదే నడిచింది. 1960లలో హైదరాబాద్‌లోని చిన్నతరహా పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు ఆ తపనను పెంచే శిక్షణ ఇచ్చారు. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థ. శిక్షణ తర్వాత వాళ్లు కొత్త పనులు మొదలుపెట్టడం, కొత్తవాళ్లకు పని ఇవ్వడం పెరిగిందని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా రాశారు. సంప్రదాయ నమ్మకాలు, కులం అడ్డుగోడలేమీ కాలేదని తేల్చారు.

వ్యాపారం ఫలానా ఇళ్లలో పుట్టినవాళ్లకే వస్తుందని మన ఊళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. నేర్పితే వస్తుందని అరవై ఏళ్ల కిందటే కాకినాడ చూపించింది. ఈ గదిలో మీ కళ్ల ముందు జరిగింది దానికి ఒక మాట కలుపుతోంది. మధ్య దూరంలో నిలబడే గుండె పిల్లలకు ఉంది. తప్పిన రింగు ఖర్చు ఎవరిదన్న దాన్ని బట్టి ఆ గుండె ముందుకో వెనక్కో జరుగుతుంది. ఉన్న ఇంటి పిల్లాడికి మొదటి ఓటమి అనుభవం అవుతుంది, లేని ఇంటి పిల్లకు అప్పు అవుతుంది. అందుకే ధైర్యంగా ఉండండని చెప్పి వదిలేస్తే చాలదు. ఆ పది రూపాయలు భరించేవాళ్లు ఉండాలి.

లెక్చరర్ కవర్లు పంచుతారు. ఒక్కో బ్యాచుకు 500 రూపాయలు. సాయంత్రం ఐదింటికల్లా బయటి మనిషికి, అంటే చుట్టం కాని, స్నేహితుడు కాని మనిషికి ఏదో ఒకటి అమ్మాలి. ఒక్క రోజులో అయ్యే పనైతే సరే, ఎక్కువ రోజులు పట్టేదైతే కొనేవాళ్లతో మాట్లాడి ఏం కావాలో రాసుకొని రావాలి. లాభం వస్తే బ్యాచుది, నష్టమొస్తే కాలేజీది. నోటుబుక్కు మాత్రం నిండాలి.

పన్నెండున్నర

మీరు బస్సులో కలిసిన పిల్ల బ్యాచుతో వెళ్తారు. ఆమెతో ఇద్దరు మగపిల్లలు. వాళ్లు ఎంచుకున్నది మిర్చి. ఘనపురం వైపు బస్సులో కోటగుళ్ల గురించి చెప్తారు. కాకతీయ గణపతిదేవుని కాలపు గణపేశ్వరాలయం, పక్కనే ఆ కాలం నాటి గణపసముద్రం చెరువు. కండక్టర్ దగ్గర మగపిల్లలిద్దరూ టికెట్ కొంటారు. ఆ ఖర్చు నోటుబుక్కులో పడుతుంది.

బస్సు దిగి చేరిన కల్లం మీద కాళ్లు కాలుతున్నాయి. టార్పాలిన్ నిండా ఆరబోసిన కాయ. ఒక పక్క నలుగురు ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయను వేరు చేస్తేనే మంచి కాయకు ధర వస్తుంది. మీరు ఒక కాయ చేతిలోకి తీసుకుంటారు. సన్నగా పొడుగ్గా లేదు, టమాటాలాగ ఉబ్బి, ముడతలు పడి, నల్లటి ఎరుపులో మెరుస్తోంది. చపాట. ఓరుగల్లు చుట్టుపక్కల జిల్లాల్లో పండే ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంగు ఎక్కువ, కారం తక్కువ. మిరప నుంచి రంగు తీసే పరిశ్రమలకు ఇష్టమైన కాయ.

"గుర్తింపు అచ్చినంక మీకు ధర పెరిగిందా తాతా?" పిల్ల అడుగుతుంది.

"ఏనుమాముల పోయేదాక ఏం తెల్వది బిడ్డా. బస్తాలు దించినంక ఆళ్లు చెప్పిందే ధర. ఎనుకకు తెచ్చుకుంటనా ఏంది?" రైతు తువ్వాల దులుపుకుంటాడు.

పిల్ల ఆ మాటను యథాతథంగా రాసుకుంటుంది. రైతు బస్తాతో వెళ్లి ధర వింటాడు, ధర చెప్పడు. ఇక్కడి నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు, అక్కడి నుంచి శీతల గిడ్డంగికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయి, రంగుగానో పొడిగానో మారి, అందమైన ప్యాకెట్లో ఇదే భూపాలపల్లి కిరాణా కొట్టుకు వచ్చే సరుకు ఇది. దారిలో పెరిగే ఒక్కో రూపాయి ఎక్కడ పెరుగుతోందో చూడటమే వ్యాపారపు మొదటి పాఠం. దాన్ని ఈ కల్లం మీద నేర్చుకున్న పిల్లకు పుస్తకంలో విలువ జోడింపు అన్న మాట కనిపిస్తే వెంటనే అర్థమవుతుంది.

రెండు కిలోలు కొంటారు. కిలో 150 చొప్పున 300. తొడిమలు తీయడం మొదలుపెడతారు, మీరూ కూర్చుంటారు. పది నిమిషాలకు వేళ్ల చివరలు మండుతాయి. రోజంతా ఇదే పని చేసే ఆ నలుగురూ మీ చేతుల వంక చూసి "నూనె రాసుకొండ్రి" అని సలహా ఇస్తారు.

తర్వాత గిర్ని. ఊళ్లో మహిళా సంఘం నడిపే గిర్ని అది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ వాళ్లకు ఉంది. తినే వస్తువు అమ్మాలంటే అది ఉండాలని, ప్యాకెట్ మీద బరువు, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని సంఘం అక్క చెప్తుంటే ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఈ సంగతి సిలబస్‌లో ఎక్కడా తగల్లేదు. గిర్ని పట్టినందుకు 40, కవర్లు, లేబుళ్లకు 30. తొడిమల బరువు, గిర్నిలో అంటుకున్నది పోగా వంద గ్రాముల ప్యాకెట్లు 17 తయారవుతాయి. ప్యాకెట్ ధర 30 అని నిర్ణయించుకుంటారు. ఆ ధర ఎలా వచ్చిందని మీరు అడిగితే, "షాపుల ఉన్న దానికంటె కొంచెం తక్కువ" అంటాడు ఒకడు. రాసుకో అంటుంది పిల్ల, దీని మీద సాయంత్రం సారు అడుగుతడు.

మూడు గంటలు

సింగరేణి క్వార్టర్లు. వరసగా ఇళ్లు, గుమ్మాల్లో తులసి కుండీలు, తాడు మీద ఆరేసిన బాయి బట్టలు. మొదటి షిఫ్టు దిగే సమయం. మొదటి గుమ్మం ముందు మగపిల్లాడి గొంతు పెగలదు. పిల్లే ముందుకు వెళ్తుంది.

"అమ్మా, చపాట మిర్చి కారం. మేమే పట్టించినం."

మొదటి ఇంట్లో వద్దంటారు. రెండో ఇంట్లో తలుపు తీయరు. మూడో ఇంటావిడ ప్యాకెట్ చించి వేలి మీద కొంచెం వేసుకుని నాలుకకు తాకిస్తుంది. "రంగు మంచిగుంది బిడ్డ. కాకపోతే కారం లేదు. మా ఇంట్ల బాయికి పోయెటోళ్లు, ముద్ద గొంతు దిగాలంటె కారం తగలాలె." అయినా చించినందుకు ముప్పై రూపాయలు ఇస్తుంది. పిల్ల ఆ నోటును కళ్లకద్దుకుని నోటుబుక్కులో పెట్టుకుంటుంది. బోణి.

తర్వాత ఇళ్లలోనూ అదే మాట ఒక్కో తీరుగా వినిపిస్తుంది. కొందరు కొంటారు, ఎక్కువమంది రుచి చూసి తల అడ్డంగా ఊపుతారు. గుర్తింపు వచ్చిన మిర్చి అని పొద్దుట గర్వంగా కొన్న కాయ ఈ గుమ్మాల్లో అమ్ముడుపోవడం లేదు. పిల్లల మొహాలు వాడిపోతాయి. అప్పుడు పిల్ల ప్రశ్న మారుస్తుంది. "కొంటరా?" అనడం ఆపి, "మీరు ఏ కారం వాడుతరు? ఎక్కడ కొంటరు? నెలకు ఎంత పడుతది?" అని అడగడం మొదలుపెడుతుంది. తలుపులు ఇప్పుడు ఎక్కువసేపు తెరిచి ఉంటాయి. తేజ రకం కాయ ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పట్టించుకుంటామని ఒకరు, పట్టించే తీరిక లేక ప్యాకెట్లే కొంటున్నామని ఇంకొకరు, పచ్చడికి మాత్రం రంగు కావాలని మరొకరు చెప్తారు. మగపిల్లాడికి ఇప్పుడు గొంతు వచ్చింది. "రెండు కలిపి తెస్తే? తేజ కారానికి, చపాట రంగుకు?" అని అడుగుతాడు. "తెచ్చినప్పుడు చూద్దాం," అంటుంది ఆవిడ, కానీ తన ఇంటి నంబరు రాసుకొమ్మంటుంది.

మీరు గోడ నీడన నిలబడి చూస్తుంటారు. ఇంతసేపూ అమ్మడమే పని అనుకున్నవాళ్లు ఇప్పుడు వినడం నేర్చుకున్నారు. తరగతిలో మూడేళ్లు చెప్పినా ఇది రాదు. ఎండలో ఇరవై తలుపులు తట్టాలి.

నాలుగున్నరకు తొమ్మిది ప్యాకెట్లు అమ్ముడుపోయి, ఎనిమిది మిగిలాయి.

ఐదు గంటలు

బ్యాచులన్నీ గదికి తిరిగి వచ్చాయి. చెమట, మసి, దుమ్ము, కాళ్ల నొప్పులు. ఎవరూ కూర్చోవడం లేదు, అందరికీ చెప్పాలని ఉంది.

బూడిద బ్యాచు ముందుగా లేస్తుంది. థర్మల్ కేంద్రాల బూడిద మొత్తం వినియోగంలోకి రావాలని, లేకపోతే కేంద్రాలు పరిహారం కట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న నిబంధన తెచ్చింది. అంటే ముడి సరుకు ఊరి పక్కనే ఉంది, దాన్ని వదిలించుకునే అవసరం అవతలివాళ్లకు ఉంది. అయినా ఇల్లు కట్టేవాళ్లను అడిగితే బూడిద ఇటుక అంటే నమ్మకం లేదన్నారు. ఇటుక తయారుచేసేవాళ్లను అడిగితే, సరిగ్గా కలిపి, చాలినన్ని రోజులు నీళ్లు పట్టిన ఇటుక గట్టిదేనని, నిరూపించే కాగితం మాత్రం తమ దగ్గర లేదన్నారు. "మనం ఇటుకలు చేసుడు కాదు సార్. ఊరూరి ఇటుక తీసుకపోయి వరంగల్‌ల ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల బలం పరీక్ష చేయించి, ఆ కాగితం తెచ్చిచ్చుడు మన పని. ఒక్కో పరీక్షకు ఇంత అని తీసుకుందాం." బీఎస్సీ కుర్రాడి మాటకు గది చప్పట్లు కొడుతుంది. యంత్రానికి లక్షలు పెట్టకుండానే ఒక కొరతను పట్టుకున్నాడు.

మహదేవపూర్ నుంచి వచ్చే కుర్రాడి బ్యాచు కాళేశ్వరం వెళ్లే యాత్రికులను బస్టాండులో పట్టుకుని అడిగింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయానికి ఏడాది పొడుగునా జనం వస్తారు. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలకు జనం పోటెత్తారు. వచ్చినవాళ్లు ఏం కొనుక్కుపోతున్నారని అడిగితే, ఎక్కడైనా దొరికే దండలు, బొమ్మల పేర్లే చెప్పారు. మద్దిచెట్ల మీద పెరిగే దసలి పట్టుకు మహదేవపూర్ పేరున్న చోటు. "మా ఊరి పట్టు మా గుడి కాడ కండువ లెక్క దొరకాలె సార్," అంటాడు అతను. ఎంత పొడవు, ఎంత ధర అయితే యాత్రికుడు కొంటాడో పన్నెండు మందిని అడిగి రాసుకొచ్చాడు. ఇవాళ ఏమీ అమ్మలేదు, ఖర్చు నలభై.

మిర్చి బ్యాచు వంతు. పిల్ల నల్లబల్ల మీద రాస్తుంది. కాయకు 300, గిర్నికి 40, కవర్లకు 30, మగపిల్లల బస్సు చార్జీలకు 60. మొత్తం ఖర్చు 430. తొమ్మిది ప్యాకెట్లకు జమ 270. చేతిలోంచి పోయింది 160.

"అన్నీ అమ్మితే ఎంత వచ్చేది?" లెక్చరర్ అడుగుతారు.

"ఐదు వందల పది. లాభం ఎనభై."

"ముగ్గురు, రోజంతా. మీ కూలి ఎవరు రాశారు?"

గది నిశ్శబ్దమవుతుంది. ముగ్గురి కూలి వేస్తే, పదిహేడు అమ్మినా నష్టమే. ముప్పై ధర ఎలా వచ్చిందో ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. పక్క దుకాణాన్ని చూసి పెట్టారు, తమ ఖర్చును చూసి పెట్టలేదు. ఒక పిల్ల లేచి అంటుంది, "ముగ్గురూ ఆడపిల్లలైతే బస్సు అరవై మిగిలేది సార్." నవ్వులు. కానీ లెక్చరర్ ఆ మాటను బల్ల మీద రాస్తారు. జీరో టికెట్ ఈ జిల్లా ఆడపిల్లలకు సరుకుతో పది ఊళ్లు తిరిగే వీలిచ్చింది. ఏ బ్యాంకూ ఇవ్వని పెట్టుబడి అది.

ఇప్పుడు ఆయన రిజిస్టర్ తీసి, కాలేజీ పేరున్న పద్దు కింద మిర్చి బ్యాచు ఎదురుగా 160 నష్టమని రాసి సంతకం చేస్తారు. ఇంట్లో చెప్పుకోవాల్సిన అప్పు ఏమీ లేదు. మిగిలిన ఎనిమిది ప్యాకెట్లు, ఇరవై ఇళ్ల జవాబులు బ్యాచువే.

ఈ సంతకం విలువ తెలియాలంటే జనగామ పక్కనే ఉన్న ఆలేరు వైపు ఒకసారి చూడాలి. శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించి, నేతకు ముందు దారం చుట్టే ఆసు పోసేది. రోజుకు రెండు చీరల ఆసు. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి, బడి మధ్యలో మానేసిన ఆ కొడుకు 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నాడు. డబ్బు దొరికినప్పుడు ఒక భాగం, అయిపోతే ఆగిపోవడం, మళ్లీ కూలికి పోవడం. ఊరి మాటలు పడలేక హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూ, వచ్చిన డబ్బుతో మళ్లీ యంత్రం. బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసి తన చిక్కుముడికి విడుపు కనిపెట్టాడు. 1999కి ఆసు యంత్రం పూర్తయింది. చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి దేశం గౌరవించింది.

ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ ఏడేళ్లలో ఒక్క ప్రయోగశాల, ఒక్క ఇంజినీరింగ్ తరగతి, నష్టాన్ని పంచుకునే ఒక్క సంస్థ ఆయన పక్కన ఉంటే ఎన్నేళ్లు మిగిలేవో ఆలోచించండి. మల్లేశంలా తట్టుకోలేక మధ్యలోనే వదిలేసినవాళ్ల యంత్రాలు ఎన్ని మన ఊళ్లలో తుప్పుపట్టాయో ఆలోచించండి. పిల్లలు ఏడేళ్లు ఒంటరిగా ఓర్చుకుంటేనే గెలవాలన్న పరిస్థితిని మార్చగలిగేది కాలేజీయే.

ఇంటికి పోయే ముందు

లెక్చరర్ రిజిస్టర్ మూస్తుంటే మీరు అడుగుతారు, ఇదంతా చేయడానికి అనుమతులెక్కడివి అని. ఆయన చూపించే కాగితం కొత్తదేమీ కాదు. 2019 సెప్టెంబరులో కేంద్ర విద్యాశాఖ ఆవిష్కరణ విభాగం, ఏఐసీటీఈ కలిసి ఉన్నత విద్యాసంస్థల కోసం జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానాన్ని ఇచ్చాయి. సంస్థ వార్షిక బడ్జెట్‌లో కనీసం 1 శాతం ఈ పనికి కేటాయించాలని అందులో ఉంది. స్టార్టప్ పనిని ప్రాజెక్టుగా లెక్కించవచ్చు. సంస్థ అనుమతితో కాలేజీ చిరునామా మీదే కంపెనీ నమోదు చేసుకోవచ్చు. హాజరు తగ్గినా అనుమతితో పరీక్ష రాయవచ్చు. చదువును కొంతకాలం ఆపి పని చేసి మళ్లీ చేరవచ్చు. చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ముద్రా శిశు రుణం 50 వేల దాకా పూచీ లేకుండా ఇవ్వాలన్నది నిబంధన. ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో 2019 నుంచి తెలంగాణ రాష్ట్ర ఆవిష్కరణల విభాగం జిల్లాల్లో పుట్టిన ఆలోచనలను పంద్రాగస్టు వేళ జనం ముందుకు తెస్తోంది. స్టార్టప్‌లకు అండగా 2015 నవంబరు 5న మొదలైన టీ-హబ్ హైదరాబాద్‌లో ఉంది.

కాగితాలన్నీ ఉన్నాయి. భూపాలపల్లి పిల్ల టీ-హబ్ దాకా వెళ్లాలంటే ముందు క్వార్టర్లలో తలుపు తట్టి ఉండాలి. తలుపు తట్టాలంటే కవర్లో 500 ఉండాలి. ఆ 500 పోతే ఎవరూ తిట్టకూడదు. ఒక తరగతిలో పది బ్యాచులుంటే, ప్రతి బ్యాచూ మొత్తం పోగొట్టుకున్నా ఐదు వేలు. వార్షికోత్సవం వేదిక అలంకరణకు ఏ కాలేజీ అయినా అంతకంటే ఎక్కువే ఖర్చు పెడుతుంది.

కాబట్టి మీరు ప్రిన్సిపాల్ అయితే సోమవారమే ఆ పద్దు తెరవండి. లెక్చరర్ అయితే మీ సబ్జెక్టులో ఒక శనివారాన్ని ఊరికి ఇవ్వండి. సింగరేణిలోనో థర్మల్ కేంద్రంలోనో పెద్ద కుర్చీలో ఉంటే, చిన్న సమస్య ఒకటి రాసి కాలేజీకి పంపండి. పిల్లలు పరిష్కారం తెస్తే డబ్బిచ్చి కొనండి. తల్లిదండ్రులైతే పిల్ల గ్రూప్స్ పుస్తకం పక్కనే జమఖర్చుల పుస్తకానికీ చోటివ్వండి. రెండూ చదవగలదు. ఉద్యోగం వస్తే ఆ లెక్క ఆమెను మెరుగైన అధికారిని చేస్తుంది, రాకపోతే కాళ్ల మీద నిలబెడుతుంది.

మిర్చి బ్యాచు అప్పుడే వచ్చే వారం లెక్క వేసుకుంటోంది. కిలో తేజ, కిలో చపాట, ఇంటి నంబర్లు ఇచ్చిన ఇళ్లకే మొదట. ధర ఈసారి తమ కూలి కలిపి కడతారట. కవర్లో మళ్లీ 500 అడుగుతున్నారు. పొద్దున హోటల్ బెంచీ మీద పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఈ జిల్లాలోని ప్రతి కాలేజీ రాతపూర్వకంగా జవాబివ్వాలి: మొదటిసారి పోయిన పైసలు మావి. ఆ ఒక్క వాక్యం మీద సంతకం చేయించండి, మిగతా పని చేయడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.